ఎడమ మోకాలు

విదేశీ పర్యటనకి వెళ్లబోయే జాతీయ మహిళా జట్టులో ఆల్‌రౌండర్ చోటు ఒక్కటే ఖాళీ ఉంది. వడపోతలన్నీ అయ్యాక ఆ చోటుకి మిగిలిన ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. పొద్దున లేస్తే ఒకే బాత్రూం తలుపు కొట్టుకునే వదినా ఆడపడుచులు.

వదినకి ముప్ఫై ఒకటి. తపాలా ఆఫీసులో ఉద్యోగం. ఆటలో ఆమెని అందరూ మేస్త్రీ అనేవాళ్లు. తొందరా కంగారూ లేకుండా, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పరుగులు పేర్చేది. ఏడేళ్లుగా ప్రతి ఎంపికలోనూ ఆమె పేరు చివరిదాకా వచ్చి ఆగిపోయేది. ఒకసారి పొడుగాటి అమ్మాయి కావాలన్నారు, ఇంకోసారి ఎడమచేతి వాటం కావాలన్నారు. "ఈసారి రెండు ముక్కులున్న మనిషి కావాలంటారేమో," అని నవ్వేసేది.

ఆడపడుచుకి ఇరవై రెండు. ఒకచోట కుదురుగా ఉండదని ఇంట్లో పిచ్చుక అని పిలిచేవాళ్లు. ఆ పేరే మైదానందాకా పాకింది. పిచ్చుక చేతికి మొదట బంతి ఇచ్చింది వదినే. పెళ్లై ఆ ఇంటికొచ్చిన మూడోవారం, గోడకేసి టెన్నిస్ బంతి కొట్టుకుంటున్న పన్నెండేళ్ల పిల్లని చూసి, "ఆ మోచెయ్యి అలా వంచితే పిల్లి కూడా నీ బంతిని కొట్టేస్తుందే," అంది. ఆ సాయంత్రం మొదలైన పాఠం పదేళ్లు సాగింది. పిచ్చుక అన్నయ్యకి కళ్లజోళ్ల షాపు. "మా ఇంట్లో క్రికెట్ రానివాణ్ని నేనొక్కణ్నే, అందుకే వంట నా నెత్తిన పడింది," అని షాపుకొచ్చిన వాళ్లకి చెప్పుకుని మురిసిపోయేవాడు.

వదినకి ఎడమ మోకాలు రెండేళ్లుగా బాగోలేదు. నడిస్తే ఏమీ ఉండదు, బౌలింగ్ వేసినా ఓర్చుకోగలదు. పరుగు తీసి ఎడమకాలి మీద బరువు వేసి వెనక్కి తిరిగితే మాత్రం లోపల ఎవరో కత్తి తిప్పినట్టుండేది. అందుకని బంతిని ఆఫ్ సైడు వదిలి వీలైనంత లెగ్ సైడుకే కొట్టేది. అటు కొడితే తిరిగేటప్పుడు భారం కుడికాలి మీద పడుతుంది. ప్రాక్టీసు నుంచి రాగానే కుర్చీలో కూర్చుంటే, పిచ్చుకే ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి గుడ్డలో కట్టి మోకాలికి అదిమి పట్టుకునేది.

"ఇది ఈ నాలుగు గోడలు దాటకూడదు," అంది వదిన ఒకసారి.

"నేనేమన్నా దండోరా వేస్తానా వదినా?" అంది పిచ్చుక.

ఎంపిక శిబిరం మూడు రోజులు. మొదటిరోజు నెట్స్ సరిసమానంగా గడిచాయి. రెండోరోజు ప్రాక్టీసు మ్యాచ్‌లో వదిన నలభై నాలుగు పరుగులు చేసి మూడు వికెట్లు తీసింది. పిచ్చుక ఇరవైకి అవుటై, ఒక్క వికెట్టుతో సరిపెట్టుకుంది. సెలెక్టర్లు ముగ్గురు. అందులో ఇద్దరు టీ తాగుతూ, "ఇంకా ఆలోచించడానికేముంది, మేస్త్రీయే," అనుకోవడం పిచ్చుక చెవిన పడింది. మూడో సెలెక్టర్ కమిటీ పెద్ద. ఒకప్పటి కెప్టెన్. అందరూ మేడమ్ అంటారు. ఆవిడ టీ తాగలేదు, పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది.

ఆ సాయంత్రమే మేడమ్ పిచ్చుకని పెవిలియన్ కింది గదికి పిలిపించింది. ఇనప బీరువా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, బల్లమీద చెక్కి చెక్కి వేలెడైన పెన్సిలు.

"కూర్చో. ఒక చోటు ఉంది, మీరిద్దరున్నారు. ఒక ఒరలో రెండు కత్తులు పట్టవు కదా," అంది మేడమ్. "మీ వదిన మోకాలు ఎలా ఉంది?"

"బాగానే ఉంది మేడమ్."

"సరే. బాగానే ఉంటే ఆమెనే తీసుకుంటాం. మిగతా ఇద్దరూ అదే అంటున్నారు. నీకింకా వయసుంది. మరో నాలుగేళ్లు ఆగొచ్చు." మేడమ్ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. "మీ వదినకీ ఏడేళ్లు ఆగడం అలవాటైపోయింది. నీకూ అవుతుందిలే. వెళ్లు."

పిచ్చుక లేచింది. తలుపుదాకా వెళ్లింది. అక్కడే ఆగింది. ఆగినందుకు మేడమ్ ఆశ్చర్యపోలేదు, తల కూడా ఎత్తలేదు.

"ఎడమ మోకాలు మేడమ్," అంది పిచ్చుక.

"అది నాకు తెలుసు. ఎప్పుడు నొప్పి?"

అక్కడితో నోరు మూసుకున్నా సగం పాపమే అయ్యుండేది. పిచ్చుక పూర్తిగా చెప్పింది. ఎడమకాలి మీద తిరిగితేనే నొప్పి అని, అందుకే బంతిని లెగ్ సైడుకి కొడుతుందని, వరసగా రెండేసి పరుగులు తీయాల్సొస్తే పదో బంతికల్లా మొహం మారిపోతుందని. చెబుతున్నంతసేపూ గొంతు మామూలుగానే ఉంది.

మూడోరోజు ఉదయం మేడమ్ ఇద్దరినీ పిచ్ మధ్యకి పిలిచింది.

"నాలుగు ఓవర్లు. ప్రతి బంతికీ రెండు పరుగులు తియ్యాలి. ఫోర్ కొడితే అవుటు కింద లెక్క, సింగిల్ తీస్తే అవుటు కింద లెక్క. బంతులన్నీ ఆఫ్ సైడే పడతాయి, ఆఫ్ సైడే కొట్టాలి. స్ట్రైక్ మేస్త్రీది. పిలుపు మాత్రం చిన్నదానిది."

ఆఫ్ సైడ్ అనేసరికి వదిన తల తిప్పి మేడమ్ కేసి చూసింది. ఒక్క క్షణం. తరవాత చేతితొడుగులు బిగించుకుంది. పక్కనున్న సెలెక్టర్లలో ఒకాయన, "ఇదేం పరీక్ష మేడమ్, నిన్న ఆడింది చూశాంగా," అన్నాడు. "నిన్నటిది ఆట," అంది మేడమ్.

మొదటి బంతికి పిచ్చుక "రెండు!" అని అరిచింది. వదిన పరిగెత్తింది, అవతలి కొసకి చేరి ఎడమకాలి మీద తిరిగింది, వెనక్కొచ్చింది. రెండో బంతి, మూడో బంతి. మొదటి ఓవర్ అయ్యేసరికి చెమట పట్టిందంతే. రెండో ఓవర్ చివర తిరిగేటప్పుడు ఆమె నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది, ఎదురుగా పరిగెత్తుకొస్తున్న పిచ్చుకకి తప్ప ఎవరికీ వినబడనంత చిన్నది. మూడో ఓవర్లో ఆమె తిరగడం మానేసి, ఆగి, కుంటుతూ మళ్లీ పరుగందుకోసాగింది. బెంచీల మీద కూర్చున్న అమ్మాయిలు లేచి నిలబడ్డారు.

పదిహేనో బంతికి పడిపోయింది. బ్యాటు ఆనించి లేచి నిలబడింది. ప్యాడు పక్కనుంచి మోకాలు ఉబ్బి కనిపిస్తోంది.

"చాలు మేడమ్," అన్నాడు ఫిజియో, బౌండరీ గీత దగ్గరనుంచి.

"ఆమెని చెప్పనివ్వు," అంది మేడమ్. "ఆపేస్తావా మేస్త్రీ?"

ఏడేళ్లు ఎదురుచూసిన మనిషి ఆపేస్తానని ఎలా అంటుంది? "ఆడతాను," అంది వదిన.

పదహారో బంతి నేరుగా ఫీల్డరు చేతికే వెళ్లింది. అంత దగ్గర ఫీల్డరు చేతిలో బంతి ఉంటే ఒక్క పరుగైనా తియ్యమని ఎవరూ పిలవరు. పిచ్చుక "వద్దు" అంటే ఆ బంతికి ఎవరూ తప్పు పట్టేవాళ్లు కారు. ఆమె బౌండరీ గీతవైపు చూసింది. మేడమ్ పెన్సిలు పట్టుకుని ఆమెనే చూస్తోంది, వదినని కాదు.

"రెండు!" అంది పిచ్చుక.

పిలుపు వింటే పరిగెత్తడమే వదినకి తెలుసు; పిలిచినవాళ్లని నమ్మాలని పిచ్చుకకి నేర్పింది కూడా ఆమే. ఒక పరుగు పూర్తయింది. రెండోదానికి ఎడమకాలు నాటి తిరిగింది. అప్పుడొచ్చిన చప్పుడు గీత దాకా వినపడిందని తరవాత అందరూ అన్నారు. ఎండుకట్టె విరిచినట్టు కాదు, తడిగుడ్డ చింపినట్టు.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఐసు కడుతుంటే మేడమ్ దగ్గరికొచ్చింది. "పరాయి దేశం వెళ్లాక విరిగేకంటే ఇక్కడ విరగడం మేలు. మాకూ, నీకూ," అంది. వెళ్లబోతూ, మరిచిపోయింది గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. "మీ ఇంటి పిల్లని మెచ్చుకోవాలి. నిన్నే అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది."

పిచ్చుక నీళ్ల సీసా పట్టుకుని అక్కడే ఉంది. వదిన ఆమెని చూసింది. తిడుతుందనుకుంది పిచ్చుక. తిడితే కాళ్లమీద పడదామనుకుంది. వదిన సీసా కోసం చెయ్యి చాచి, రెండు గుక్కలు తాగి, మూత బిగించి తిరిగి ఇచ్చేసింది.

లిగమెంటు తెగింది, ఆపరేషన్ అయింది. ఆట మాట ఇక మరిచిపొమ్మన్నాడు డాక్టరు. పేపర్లో జట్టు వచ్చింది, పిచ్చుక పేరు పదకొండో వరసలో. పిచ్చుక అమ్మకి ఒక కంట సంతోషం, ఒక కంట నీళ్లు. "ఏం రాతమ్మా ఇది. అది ఎక్కిన రోజే ఇది పడాలా?" అంటూ కూతురికి అన్నం వడ్డించి, కోడలికి కాలికింద దిండు సర్దేది. అన్నయ్య పొద్దునా సాయంత్రం భార్యని భుజం పట్టి నడిపించేవాడు. ఎలా పడ్డావని అడిగితే, "పరుగుకి వెళ్లి పడ్డాను," అంది వదిన. అంతకుమించి ఎవరికీ ఒక్కముక్క చెప్పలేదు.

పిచ్చుక ప్రయాణం దాకా మూడు వారాలు ఆ ఇంట్లో ఉంది. వదిన ఆమెతో ఎప్పటిలాగే మాట్లాడింది. బట్టలు ఆరాయా, షూ కొత్తవి కొనుక్కున్నావా, అక్కడ చలిగా ఉంటుందట. తిట్టని మనిషి ముందు కూర్చుని అన్నం తినడం ఎంత కష్టమో పిచ్చుకకి అప్పుడు తెలిసింది. ఒకరోజు ఐసు గుడ్డలో కట్టి తీసుకెళ్తే, "అక్కడ పెట్టు, మీ అన్నయ్య కడతారు," అంది వదిన.

పిచ్చుక బౌలింగుకి ప్రాణం ఆమె స్లో బాల్. వేగంగా వస్తుందనుకున్న బంతి సగంలో బద్ధకించినట్టు ఆగేది. దాంట్లో ఒక లోపం ఉంది. స్లో బాల్ వేసే ముందు మాత్రం, పరుగు మొదలుపెట్టేటప్పుడు ఒకసారి తల వంచి వేళ్లకేసి చూసుకునేది. పదహారేళ్లప్పటి నుంచీ ఉన్న అలవాటు. మాన్పించాలని వదిన చూసింది, మానలేదు. ఇక లాభం లేదని, ఇద్దరూ కలిసి ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ తనే బౌలరుకి దగ్గరగా, మిడాఫ్‌లో నిలబడి "తల!" అని అరిచేది. అరిస్తే పిచ్చుక తల ఎత్తేది. ఒళ్లు నిటారుగా ఉంచమంటోందనుకునేది తప్ప అసలు కారణం ఆమెకి ఎప్పుడూ పట్టలేదు.

పర్యటనలో మూడు వన్డేలు. మిడాఫ్‌లో ఇంకెవరో ఉన్నారు. మొదటి మ్యాచ్‌లో పిచ్చుక స్లో బాల్స్‌ని బ్యాటర్లు ముందే తెలిసినట్టు కాచుకుని కొట్టారు. రెండో మ్యాచ్‌లో ఇంకా ఎక్కువ కొట్టారు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది.

"వదినా, మ్యాచ్ చూశావా?"

"చూశాను."

"నా స్లో బాల్ వాళ్లకి ముందే ఎలా తెలిసిపోతోందో అర్థం కావట్లేదు. నువ్వైతే పట్టుకోగలవు. ఏమన్నా తేడా కనిపించిందా?"

వదిన రెండు దిండ్ల మీద కాలు చాపుకుని ఉంది. టీవీలో ఆ మ్యాచ్ ముక్కలే మళ్లీ వేస్తున్నారు. పిచ్చుక పరుగు మొదలుపెట్టింది, తల వంచింది, బంతి బౌండరీ దాటింది.

"ఏమీ లేదే. బాగానే వేస్తున్నావు," అంది వదిన.

"తగ్గించమంటావా?"

"ఎందుకూ? అదే కదా నీ బలం. ఇంకా ఎక్కువ వెయ్యి."

"థాంక్స్ వదినా," అంది పిచ్చుక. ఇంకేదో చెప్పబోయింది, ఈలోపు వదిన ఫోన్ పెట్టేసింది.

పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తున్న అన్నయ్య చేతులు ఆగాయి. జీవితమంతా మనుషుల కళ్లకేసి చూసే వృత్తి ఆయనది. "అది వేళ్లకేసి చూసుకుంటోంది కదూ?" అన్నాడు టీవీ వైపు చూపించి. "నువ్వు తల, తల అని అరిచేది ఇందుకేనా?"

"ఊఁ."

"మరి ఏమీ లేదన్నావే?"

అప్పుడు చెప్పింది వదిన. పిచ్చుక మేడమ్‌కి చెప్పేసిన మోకాలి సంగతి గురించి, ఆఫ్ సైడ్ గురించి, ఫీల్డరు చేతిలో బంతి ఉండగా వచ్చిన పిలుపు గురించి. ఏడవకుండా, ఎవరో పరాయివాళ్ల సంగతి చెబుతున్నట్టు చెప్పింది. అన్నయ్య బఠానీల గిన్నె పక్కన పెట్టాడు. చెల్లెల్ని చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని స్కూలుకి తీసుకెళ్లింది ఆయనే. లేచి, ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు. చెల్లెలి నంబరు తెరిచాడు. ఒక్క మాట చాలు, తల వంచకు అని. వెనక గదిలో ఊతకర్ర నేలకి తగిలిన చప్పుడు వినిపించింది. వదిన నీళ్లకోసం లేస్తోంది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని ఆమెని పట్టుకోవడానికి లోపలికి వెళ్లాడు. మూడో మ్యాచ్‌కి ఇంకా రెండు రోజులుంది. ఆ రెండు రోజుల్లో ఆ ఫోన్ మళ్లీ బయటికి తియ్యలేదు.

మూడో మ్యాచ్ ఆఖరి ఓవర్లో ఎదుటి జట్టుకి పదిహేను పరుగులు కావాలి. బంతి పిచ్చుక చేతికొచ్చింది. వదిన చెప్పింది కాబట్టి స్లో బాల్సే వేసింది. రెండు సిక్సర్లు, ఒక ఫోరు. మూడు బంతుల్లో ఆట ముగిసింది. కెమెరా ఆమె మొహం మీదే నిలిచిపోయింది, ఎంతకీ కదల్లేదు.

జట్టు తిరిగొచ్చిన రోజు విమానాశ్రయంలో, పెట్టెల కోసం నిలబడిన చోట, మేడమ్ ఆమె పక్కకి వచ్చింది.

"నీ స్లో బాల్ ముందే తెలిసిపోతుందట. వేళ్లకేసి చూసుకుంటావట. వాళ్ల కోచ్ భోజనాల దగ్గర చెప్పి ఒకటే నవ్వు," అంది. "మీ వదిన నీకు చెప్పలేదా? మిడాఫ్‌లో నిలబడి అరిచేది కదా, నేనే చూశాను. వచ్చేసారి జట్టులో నీకు చోటు ఉండదు, అది వేరే సంగతి." తన పెట్టె రాగానే తీసుకుని వెళ్లిపోయింది.

పిచ్చుక ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం అయింది. వదిన కుర్చీలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. అన్నయ్య భోజనానికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. అమ్మ వంటింట్లో ఉంది.

"వదినా, నా స్లో బాల్ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి అడిగితే బాగానే వేస్తున్నావన్నావు!"

వదిన చొక్కా చేతులు లోపలికి మడిచి, బొత్తాం పెట్టింది. "చెప్పే అలవాటు నీది పిచ్చుకా. నాది కాదు."

పిచ్చుక అన్నయ్య వైపు తిరిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"అన్నయ్యా, నీకూ తెలుసా?"

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మూడోదానికి ముందే," అన్నాడు. కళ్లజోడు తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నాడు.

"అందరూ చేతులు కడుక్కోండి, చల్లారిపోతోంది," అని లోపలినుంచి అమ్మ కేకేసింది.

రెండు నెలలకి అన్నయ్య షాపు మీద రెండు గదులు ఖాళీ అయ్యాయి. వదినకి మెట్లెక్కడం కష్టమే, అయినా అక్కడికే మారదామని ఆమే అంది. ఎందుకని అమ్మ ఎంతడిగినా, "షాపుకి దగ్గర," అన్నాడు అన్నయ్య. అమ్మకి కారణం కావాలి. దొరక్కపోయేసరికి తనే ఒకటి అల్లుకుంది.

సామాను తరలించే రోజు పక్కింటావిడ గుమ్మంలో నిలబడితే, అమ్మ అందరూ వినేలాగే అంది: "ఏం చెప్పనమ్మా, కడుపుమంట. తన కాలు పోయింది, నా కూతురికి పేరొచ్చింది. కళ్లలో నిప్పులు పోసుకుంది. పదేళ్లు కన్నకూతురిలా చూశాను, ఇప్పుడు నా కొడుకుని విడగొట్టి తీసుకుపోతోంది. అది ఓడిపోయి ఏడుస్తూ వస్తే ఒక్క ఓదార్పు మాట అనలేదు, తెలుసా?"

వదిన వసారాలో ఊతకర్ర పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. పిచ్చుక వైపు చూసింది. కోపంగా కాదు, బస్సు వస్తుందో రాదో చూసే మనిషిలా చూసింది. అన్నయ్య కూడా, మంచం ఒక కొస ఎత్తి పట్టుకున్నవాడు, ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి చెల్లెల్నే చూస్తున్నాడు.

రెండో కొస పిచ్చుక చేతుల్లో ఉంది. అమ్మ, పక్కింటావిడ, అన్నయ్య, వదిన. నలుగురూ ఆమె నోటికేసి చూస్తున్నట్టనిపించింది.

"కాస్త వంచి పట్టు అన్నయ్యా," అంది పిచ్చుక, "తలుపుకి తగులుతుంది."